ఏకఖండ అప్పర్ రిసీవరా, విడి హ్యాండ్‌గార్డా? సైనిక రైఫిల్ ఎంపికలో తేల్చుకోవలసినవి

సైనిక రైఫిళ్ల కొనుగోలు మీద చర్చ మొదలైతే చాలు, బోల్ట్, బ్యారెల్ ఉండే పై చట్రం (అప్పర్ రిసీవర్), దాని ముందు చేత్తో పట్టుకునే తొడుగు (హ్యాండ్‌గార్డ్) రెండూ ఒకే ముక్కగా ఉన్నాయా, లేదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒకే ముక్క అయితే గట్టిగా ఉంటుంది, గట్టిగా ఉంటే గురి చెదరదు అన్నది ఏకఖండం వైపు వాళ్ల వాదన. అందులో నిజముంది. కానీ ఆ నిజం అందరికీ ఒకే మోతాదులో వర్తించదు. గురి పరికరం రైఫిల్ మీద ఎక్కడ కూర్చుంటుందో తేల్చుకోకుండా రిసీవర్ సంగతి నిర్ణయిస్తే, అక్కరలేని బరువును వేలమంది సైనికుల చేత మోయించినట్టవుతుంది. లేదా చీకట్లో గురి జారిపోయే ఆయుధాన్ని వాళ్ల చేతికిచ్చినట్టవుతుంది. రెండూ చిన్న పొరపాట్లు కావు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రాత్రివేళ లేజర్ చుక్కతో గురిపెట్టి కాల్చడమే ప్రధాన పద్ధతిగా ఉన్న దళానికి ఏకఖండ అప్పర్ వల్ల చెప్పుకోదగ్గ మేలు ఉంది. రిసీవర్ మీద బిగించిన రెడ్ డాట్‌తోనో (ఎర్ర చుక్క చూపే గురి అద్దం), చిన్న స్కోపుతోనో కాల్చే సాధారణ పదాతి సైనికుడికి ఆ మేలు చాలావరకు అందదు. అతనికి మంచి విడి హ్యాండ్‌గార్డ్ సరిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు అతుకుల దగ్గరికి వెళ్లాలి.

ఏ ముక్క ఏ భారం మోస్తుంది

ఇప్పటి పాశ్చాత్య సైనిక రైఫిళ్లలో చాలావాటికి మూలం యూజీన్ స్టోనర్ 1950ల చివర్లో ఆర్మలైట్ సంస్థలో రూపొందించిన ఏఆర్-15. ఈ తరహా రైఫిల్‌లో కింది భాగమైన లోయర్ రిసీవర్‌లో ట్రిగ్గర్, మ్యాగజైన్ ఉంటాయి. పై భాగమైన అప్పర్ రిసీవర్‌లో, తూటాను బ్యారెల్‌లోకి తోసి వెనక మూసే బోల్ట్ ముందుకూ వెనక్కూ కదులుతుంది, ముందు వైపు బ్యారెల్ బిగుస్తుంది. బ్యారెల్ వెనక కొసన ఉక్కుతో చేసిన పొడిగింపు ఒకటి ఉంటుంది. తూటా పేలే క్షణంలో బోల్ట్ పళ్లు ఆ ఉక్కు పొడిగింపులోనే చిక్కుకుని ఉంటాయి. అంటే పేలుడు భారమంతా ఉక్కు మీద ఉక్కే మోస్తుంది. అల్యూమినియం రిసీవర్ మీద ఆ భారం పెద్దగా పడదు. ఎఫ్‌ఎన్ సంస్థ ఏకఖండ రైఫిల్ స్కార్‌లోనూ ఇదే ఏర్పాటు.

అందుకే ‘ఏకఖండ రిసీవర్ పేలుడును బాగా తట్టుకుంటుంది’ అన్న మాట విన్నప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. రిసీవర్ నుంచి మనకు కావలసింది ఆ బలం కాదు. బ్యారెల్‌ను, గురి పరికరాన్ని ఒకే దిశలో కదలకుండా పట్టి ఉంచే బిగువు కావాలి. అప్పర్‌కూ లోయర్‌కూ మధ్య కాస్త వదులున్నా తూటా పడే చోటు మారదని అనుభవజ్ఞులు చెప్పేది కూడా ఇందుకే. గురి పరికరమూ బ్యారెలూ రెండూ అప్పర్‌లోనే ఉంటాయి కాబట్టి ఆ వదులు వాటి మధ్యకు రాదు.

ఇక హ్యాండ్‌గార్డ్. పాత ఎం16లో అది రెండు ప్లాస్టిక్ చిప్పలు. రిసీవర్ దగ్గరి వలయానికీ, బ్యారెల్ మీది టోపీకీ మధ్య ఇరుక్కుని ఉండేవి. చేత్తో గట్టిగా నొక్కితే ఆ ఒత్తిడి నేరుగా బ్యారెల్ మీద పడేది. 1995లో అమెరికా ఎంఐఎల్-ఎస్‌టీడీ-1913 పేరుతో పికాటిన్నీ రైల్ (పరికరాలు తగిలించే పళ్ల పట్టీ) కొలతలను ప్రామాణికం చేసింది. లైట్లు, లేజర్లు, పట్టుకునే పిడులు అన్నీ ముందు భాగానికి చేరాయి. నైట్స్ ఆర్మమెంట్ చేసిన ఎం4 రైల్ హ్యాండ్‌గార్డ్ నాలుగు వైపులా రైలు ఇచ్చింది గానీ ముందు కొస మాత్రం బ్యారెల్ ఆసరాతోనే నిలబడేది. ఆ తర్వాత బ్యారెల్‌ను అసలు తాకకుండా, వెనక భాగంలో బ్యారెల్ నట్టు దగ్గర మాత్రమే బిగిసే హ్యాండ్‌గార్డులు వచ్చాయి. అమెరికా ప్రత్యేక దళాలు వాడిన డేనియల్ డిఫెన్స్ ఆర్‌ఐఎస్-2 అలాంటిదే. మరో అడుగు ముందుకు వేస్తే హ్యాండ్‌గార్డ్‌నూ రిసీవర్‌నూ ఒకే లోహపు ముక్కలోంచి చెక్కడం. అదే ఏకఖండ అప్పర్.

ఒక అతుకు పోతుంది, ఇంకొకటి మిగులుతుంది

విడి హ్యాండ్‌గార్డ్ ఉన్న రైఫిల్‌లో ముఖ్యమైన అతుకులు రెండు. బ్యారెల్ రిసీవర్‌ను కలిసే చోటు మొదటిది. హ్యాండ్‌గార్డ్ రిసీవర్‌ను కలిసే చోటు రెండోది. ఏకఖండ అప్పర్ రెండో అతుకును పూర్తిగా తీసేస్తుంది. మొదటిది మాత్రం అలాగే ఉంటుంది. బ్యారెల్ ఎప్పటికీ వేరే ముక్కే, దాన్ని ఏదో ఒక విధంగా బిగించక తప్పదు.

ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం ప్రచారం తేలిపోతుంది. స్కోపు రిసీవర్ నడినెత్తిన ఉంటే, గురికీ తూటాకీ మధ్య ఉన్నది మొదటి అతుకు ఒక్కటే. హ్యాండ్‌గార్డ్ కాస్త ఊగినా, మెలి తిరిగినా, అది బ్యారెల్‌ను తాకనంతవరకు స్కోపుకు సంబంధం లేదు. కాబట్టి ఏకఖండం ఆ స్కోపు గురిని మెరుగుపరచడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. అదే రైఫిల్ మీద లేజర్ పరికరాన్ని హ్యాండ్‌గార్డ్ ముందు కొసన బిగించారనుకోండి. ఇప్పుడు లేజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య రెండు అతుకులు వచ్చాయి. మడత సైట్లలో (స్కోపు లేకుండా గురిపెట్టే, మడిచి పెట్టగల గుర్తులు) ముందుది హ్యాండ్‌గార్డ్ మీద ఉన్నప్పుడు కూడా ఇదే పరిస్థితి. పాత ఎం4లో ముందు సైట్ బ్యారెల్ మీదే ఉండేది కాబట్టి ఈ బెడద లేదు.

లేజర్ లెక్క

ఇక్కడ కాసేపు ఆగి లెక్క వేసుకుందాం, ఎందుకంటే ఏకఖండం అసలు విలువ ఇక్కడే ఉంది.

రాత్రిపూట కంటికి కనిపించని పరారుణ లేజర్ చుక్కను లక్ష్యం మీద వేసి, తలకు పెట్టుకున్న నైట్ విజన్‌లోంచి ఆ చుక్కను చూస్తూ కాలుస్తారు. స్కోపులోంచి చూడరు. అంటే తూటా ఎక్కడికి వెళుతుందో చెప్పే సాక్షి ఆ లేజర్ ఒక్కటే. హ్యాండ్‌గార్డ్ పొడవు 30 సెం.మీ. అనుకుందాం. గోడకు ఆనించి బలంగా ముందుకు తోసినప్పుడు, దాని కొస అతుకు దగ్గరి వదులు వల్ల 0.3 మి.మీ. పక్కకు జరిగింది. మూడు మామూలు కాగితాలు ఒకదానిపై ఒకటి పెడితే వచ్చే మందం అంతే. 300 మి.మీ.లో 0.3 మి.మీ. అంటే వెయ్యింట ఒక వంతు వాలు. ఆ వాలుకు 100 మీటర్ల దగ్గర చుక్క 10 సెం.మీ. జరుగుతుంది. 300 మీటర్ల దగ్గర 30 సెం.మీ. జరుగుతుంది. చుక్క ఛాతీ మధ్యన కనిపిస్తుంది, తూటా భుజం పక్కనుంచి పోతుంది. కాల్చినవాడికి తన తప్పేమిటో తెలియదు, తప్పు అతనిది కాదు కూడా.

చేతి ఒత్తిడి తీసేయగానే ఆ 0.3 మి.మీ. వెనక్కి వస్తే కాస్త నయం. స్క్రూలు సడలి కొత్త చోట స్థిరపడితే లేజర్ శాశ్వతంగా తప్పు చెబుతుంది. ఏకఖండ అప్పర్‌లో సడలడానికి ఆ స్క్రూలే లేవు. నేను ఏకఖండం వైపు మొగ్గే సందర్భం ఏదైనా ఉందంటే అది ఇదే. మిగతా లాభాలన్నీ దీని తర్వాతే.

స్కోపు ముందు రైలు మీద బిగించే నైట్ విజన్ పరికరాల సంగతి కొంచెం వేరు. వీటికీ ఏకఖండం తప్పనిసరి అని చాలామంది నమ్ముతారు. బాగా తయారైన ఇలాంటి పరికరం బొమ్మను పెంచకుండా, తగ్గించకుండా ఉన్నదున్నట్టుగా చూపిస్తుంది. అందువల్ల అది కొద్దిగా వాలినా లక్ష్యం కనిపించే దిశ పెద్దగా మారదు. లేజర్ అలా కాదు, ఎంత వాలితే అంత తప్పుతుంది. ముందు పరికరానికి ముఖ్యమైనది రిసీవర్ రైలూ హ్యాండ్‌గార్డ్ రైలూ ఒకే ఎత్తులో ఉండటం. ఏకఖండంలో అది పుట్టుకతోనే వస్తుంది. విడి హ్యాండ్‌గార్డ్‌లో తయారీదారు శ్రద్ధను బట్టి ఉంటుంది.

దీన్ని పరీక్షించడం కష్టమేమీ కాదు. సన్నని ఉక్కు కొలబద్దను రిసీవర్ రైలు మీదినుంచి హ్యాండ్‌గార్డ్ రైలు మీదికి పొడవుగా ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. రెండు రైళ్లు కలిసే చోట కొలబద్ద కింద వెలుగు గీత కనిపిస్తే మెట్టు ఉన్నట్టు. ముందు కొస వైపు వెళ్లేకొద్దీ ఆ గీత వెడల్పు అవుతుంటే హ్యాండ్‌గార్డ్ కిందికి వాలి ఉన్నట్టు. అలాంటి రైఫిల్ మీద స్కోపు పట్టీని ఒక కాలు రిసీవర్ మీద, ఇంకో కాలు హ్యాండ్‌గార్డ్ మీద వేసి బిగిస్తే స్కోపు గొట్టమే వంకర ఒత్తిడికి గురవుతుంది. అసలు మెట్టు లేకపోయినా విడి హ్యాండ్‌గార్డ్ మీదికి స్కోపు పట్టీని సాగదీయకూడదు. ఏకఖండం ఈ విషయంలో పూర్తి స్వేచ్ఛ ఇస్తుంది, పరికరాన్ని ఎక్కడైనా జరుపుకోవచ్చు.

పొడవు, మిశ్రలోహం, వేడి

ఏకఖండం అనగానే అది వంగదని అనుకోవద్దు. అతుకు లేకపోయినా లోహం వంగుతుంది. ఒక కొస బిగించిన దూలం మీద రెండో కొసన బరువు పెడితే వచ్చే వంపు, పొడవు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 25 సెం.మీ. హ్యాండ్‌గార్డ్‌ను 35 సెం.మీ.కు పెంచితే, మిగతావన్నీ అలాగే ఉంటే, వంపు దాదాపు రెండుముప్పావు రెట్లు అవుతుంది. చేయి ముందుకు చాచి పట్టుకునే పద్ధతి వచ్చాక పొడవైన రైళ్లే అందరూ అడుగుతున్నారు. పొడవైన, పలుచని ఏకఖండం కన్నా పొట్టిగా, లోతుగా ఉన్న విడి హ్యాండ్‌గార్డ్ లేజర్‌ను మెరుగ్గా పట్టి ఉంచడం అసంభవమేమీ కాదు.

మిశ్రలోహం పేరు చూసి మురిసిపోనక్కరలేదు. ఎం16 రిసీవర్‌ను 7075-టీ6 అల్యూమినియంతో పోత కాకుండా సుత్తిపోటు పద్ధతిలో చేస్తారు. చాలా హ్యాండ్‌గార్డులు 6061-టీ6తో వస్తాయి. శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే బలంలో 7075 చాలా ముందుంటుంది, రెండింటి మధ్య దాదాపు రెట్టింపు తేడా. కానీ భారం కింద ఎంత ఒదుగుతుందన్న సాగే గుణంలో రెండూ ఇంచుమించు సమానం, 70 గిగాపాస్కల్స్ దరిదాపుల్లో ఉంటాయి. కాబట్టి ఖరీదైన మిశ్రలోహం వల్ల హ్యాండ్‌గార్డ్ బిగువుగా మారదు. ఆ బిగువును దాని అడ్డుకోత ఆకారం, గోడ మందం, కత్తిరించిన రంధ్రాలు నిర్ణయిస్తాయి. అయితే రైఫిల్ కింద పడి కొస రాతికి తగిలినప్పుడు 7075 వంకర తిరగకుండా నిలబడే అవకాశం ఎక్కువ. ఇది కూడా తక్కువ విషయం కాదు.

వేడి విషయంలో ఏకఖండానికి వ్యాపార ప్రకటనల్లో ఇచ్చేంత గౌరవం నేను ఇవ్వలేను. లోహం ఎక్కువ, అది రిసీవర్‌తో కలిసి ఉంది కాబట్టి వేడి వెనక్కి పరుచుకుంటుంది, చేతికి ఆలస్యంగా కాలుతుంది, అంతవరకు నిజం. కానీ హ్యాండ్‌గార్డ్ పైభాగం కిందిభాగం కన్నా ఎక్కువ వేడెక్కితే అది విల్లులా వంగుతుంది. 30 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. లోతు ఉన్న అల్యూమినియం గొట్టంలో పైకీ కిందికీ 20 డిగ్రీల తేడా వస్తే, కొస దగ్గర వాలు వెయ్యింట రెండు వంతులు దాటగలదు. లేజర్ లెక్క గుర్తుంటే ఇది ఎంత పెద్ద సంఖ్యో తెలుస్తుంది. అతుకు ఉన్నా లేకపోయినా ఈ వంపు వస్తుంది. గాలి ఆడే రంధ్రాలు అన్ని వైపులా సమంగా ఉన్నాయో లేదో చూడటం ఇక్కడ ఎక్కువ ఉపయోగం.

మొదటి అతుకు ఎంత కీలకమో చెప్పడానికి జర్మన్ సైన్యపు జీ36 ఉదాహరణ చాలు. దాని రిసీవర్ ప్లాస్టిక్, బ్యారెల్ కూర్చునే లోహపు దిమ్మ ఆ ప్లాస్టిక్‌లో ఇమిడి ఉంటుంది. వేగంగా కాల్చి వేడెక్కించాక తూటాలు గురి నుంచి జారుతున్నాయన్న వివాదం ముదిరి, 2015లో అప్పటి రక్షణ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ ఆ రూపంలో రైఫిల్‌కు భవిష్యత్తు లేదని ప్రకటించారు. తయారీ సంస్థ ఆ నిర్ధారణలను ఒప్పుకోలేదు, 2016లో కోబ్లెంజ్ కోర్టు సంస్థకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా, కొనుగోలుదారులందరి దృష్టీ బ్యారెల్ కూర్చునే చోటి మీదికి మళ్లింది. అది మంచిదే అయింది.

బ్యారెల్ మార్చుకునే సౌకర్యం: కావాలా, అక్కరలేదా

ఏకఖండ అప్పర్లలో చాలావాటితో పాటు వచ్చే ఇంకో వసతి, బ్యారెల్‌ను త్వరగా మార్చుకోవడం. మామూలు ఎం4లో బ్యారెల్ నట్టును సుమారు 41 నుంచి 108 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలంతో) బిగిస్తారు. దానికి బలమైన వైస్, ప్రత్యేకమైన రెంచి, ఆయుధశాలలో పనిచేసే నిపుణుడు కావాలి. ఎల్‌ఎంటీ సంస్థ ఏకఖండ అప్పర్‌లో బ్యారెల్‌ను రిసీవర్ ముందు భాగమే పిడికిలి బిగించినట్టు పట్టుకుంటుంది. అడ్డంగా ఉన్న రెండు స్క్రూలను దాదాపు 16 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సరిపోతుంది. ఎఫ్‌ఎన్ స్కార్‌లో బ్యారెల్ స్క్రూలకు 7 న్యూటన్ మీటర్లే. చిన్న టార్క్ రెంచి ఉంటే కొద్ది నిమిషాల పని.

వినడానికి ఎంతో బాగుంది. స్కార్-ఎల్‌కు (స్కార్‌లో 5.56 మి.మీ. రకం) 10, 14, 18 అంగుళాల బ్యారెళ్లు ఉన్నాయి. ఒకే రైఫిల్‌ను గదుల్లో పోరుకు పొట్టిగా, బయలు ప్రదేశానికి పొడవుగా మార్చుకోవచ్చన్నది ఆలోచన. నిజానికి బ్యారెల్ మార్చిన ప్రతిసారీ మొదటి అతుకును విప్పి మళ్లీ వేస్తున్నాం. ఒక్కో బ్యారెల్ తూటాను ఒక్కో చోటికి పంపుతుంది కాబట్టి గురి మళ్లీ సరిచూడాలి. శత్రువు ఎదురుగా ఉన్నచోట ఈ పని ఎవరూ చేయరు. అరిగిన బ్యారెల్‌ను ఆయుధశాలలో మార్చడం తేలిక కావడమే దీని అసలు ఉపయోగం. ఎక్కువ తూటాలు కాల్చే శిక్షణ కేంద్రాలకు, ప్రత్యేక దళాలకు అది పెద్ద సాయం. టార్క్ రెంచి లేకుండా చేతివాటంగా బిగించే అలవాటున్న చోట మాత్రం ఇదే వసతి హాని చేస్తుంది. తక్కువ బిగిస్తే బ్యారెల్ కదులుతుంది, ఎక్కువ బిగిస్తే అప్పర్‌లో స్క్రూలు దిగే అల్యూమినియం మరలు పాడవుతాయి. మరలు పాడైతే పోయేది మొత్తం అప్పర్.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏకఖండంలో రైలు పొడవు మారదు. పొడవైన రైలున్న అప్పర్‌లో పొట్టి బ్యారెల్ వేస్తే దాని మూతి హ్యాండ్‌గార్డ్ లోపలికి వెళ్లిపోవచ్చు. అక్కడ సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) తగిలిస్తే దాని వేడంతా అల్యూమినియం మీద పడుతుంది. ఫ్రాన్స్ ఈ గొడవలేవీ పెట్టుకోలేదు. 2016లో హెచ్‌కే416ఎఫ్‌ను ఎంచుకున్నప్పుడు 11 అంగుళాల బ్యారెల్‌తో కొన్ని, 14.5 అంగుళాలతో కొన్ని, మొత్తం 90 వేలకు పైగా రైఫిళ్లను విడివిడిగా తీసుకుంది. పెద్ద సైన్యానికి అది తెలివైన దారి అని నాకనిపిస్తుంది.

పాడైనప్పుడు, పాతబడినప్పుడు

హ్యాండ్‌గార్డ్ మీద దెబ్బ పడటం సైన్యంలో రోజువారీ విషయం. వాహనం తలుపు మీద పడుతుంది, రైలు పళ్లు చెదురుతాయి, ఒక పక్క నొక్కుకుపోతుంది. విడి హ్యాండ్‌గార్డ్ అయితే దాన్ని తీసి కొత్తది వేస్తారు. రిసీవర్, బ్యారెల్ అలాగే ఉంటాయి. హెచ్‌కే416 హ్యాండ్‌గార్డ్ ఒకే స్క్రూతో బిగుస్తుంది. శుభ్రం చేయడానికో, గ్యాస్ పిస్టన్ చూసుకోవడానికో సైనికుడే విప్పుకోగలడు. ఏకఖండంలో అదే దెబ్బకు మొత్తం అప్పర్ మార్చాలి. స్కార్‌లో ఇది ఇంకాస్త బరువైన నిర్ణయం, ఎందుకంటే దాని వరుస సంఖ్య అప్పర్ మీదే ఉంటుంది. అప్పర్‌ను మార్చడం అంటే దస్త్రాల్లో ఆయుధాన్నే మార్చడం.

తయారీలోనూ ఇదే లెక్క. ఏకఖండానికి పెద్ద లోహపు ముక్క కావాలి. చాలా భాగం చెక్కి పారేయాలి, చివరి దశలో ఒక్క కొలత తప్పినా మొత్తం ముక్క వృథా. స్కార్ అప్పర్‌ను అచ్చులోంచి తోసి సాగదీసిన అల్యూమినియంతో చేయడం వల్ల ఈ ఖర్చు కొంత తగ్గింది.

కాలం మారడం గురించి కొనుగోలుదారులు తక్కువ ఆలోచిస్తారు. పదిహేనేళ్ల కిందట నాలుగు వైపులా పళ్లున్న రైలే సర్వస్వం. 2014లో మాగ్‌పుల్ ఎం-లాక్ తెచ్చింది. పళ్లకు బదులు చీలికలు, అక్కరైన చోట మాత్రమే రైలు ముక్క తగిలించుకోవడం. అమెరికా నౌకాదళపు క్రేన్ కేంద్రం దాన్ని పోటీగా ఉన్న కీమాడ్‌తో కలిపి పరీక్షించి, 2017లో వెలువడిన ఫలితాల్లో ఎం-లాక్ వైపు మొగ్గింది. కొత్తదానితో బరువు తగ్గింది, చేతికి పట్టు పెరిగింది. విడి హ్యాండ్‌గార్డ్ ఉన్నవాళ్లు ఆ ముక్క ఒక్కటి మార్చుకుని ముందుకు వెళ్లగలరు. నాలుగు రైళ్ల ఏకఖండం కొన్నవాళ్లకు మొత్తం అప్పర్ కొనడం తప్ప వేరే దారి లేదు. రైఫిల్ ముప్పై ఏళ్లు వాడుకలో ఉండే వస్తువు. ఆ ముప్పై ఏళ్లలో హ్యాండ్‌గార్డ్ ఆకారం ఒక్కసారైనా మారుతుంది.

గ్రనేడ్ లాంచర్ వాడే దళాలు ఇంకో సంగతి చూసుకోవాలి. పాత ఎం203 బ్యారెల్‌ను పట్టుకుని వేలాడుతుంది, ఏకఖండ గొట్టం దానికి అడ్డొస్తుంది. కోల్ట్ తన ఏకఖండ అప్పర్‌లో కింది రైలు ముక్కను విడదీయగలిగేలా చేసింది ఇందుకే.

సైన్యాలు ఏ దారిన నడిచాయి

ఏకఖండం వైపు నడిచిన దేశాలు తక్కువేమీ కాదు. అమెరికా ప్రత్యేక దళాల కమాండ్ 2004లో స్కార్‌ను ఎంచుకుంది. 2010లో 5.56 మి.మీ. తూటా రకం కొనుగోలు ఆపేసి 7.62 రకాన్ని కొనసాగించింది. బ్రిటన్ 2010లో తీసుకున్న ఎల్129ఏ1 షార్ప్‌షూటర్ రైఫిల్ ఎల్‌ఎంటీదే. డెన్మార్క్ ఎం/10 పేరుతోనూ, బ్రిటన్ ప్రత్యేక దళాలు ఎల్119ఏ2 పేరుతోనూ కోల్ట్ కెనడా ఏకఖండ అప్పర్లను తీసుకున్నాయి. న్యూజిలాండ్ 2015లో స్టయర్ ఏయూజీ స్థానంలో ఎల్‌ఎంటీ రైఫిల్‌ను మార్స్-ఎల్ పేరుతో ఎంచుకుని సుమారు 9 వేలు కొంది. ఎస్టోనియా 2019లో అదే సంస్థతో ఒప్పందం చేసుకుంది.

ఇటీవలి పెద్ద నిర్ణయాలు మాత్రం వేరేగా ఉన్నాయి. ఫ్రాన్స్ హెచ్‌కే416ఎఫ్, జర్మనీ జీ36 స్థానంలోకి తెస్తున్న జీ95ఏ1, అమెరికా సైన్యం 2022లో ఎంచుకున్న సిగ్ ఎం7 (అప్పటి పేరు ఎక్స్‌ఎం5), బ్రిటన్ 2023లో ప్రకటించిన ఎల్403ఏ1, ఇవన్నీ విడి హ్యాండ్‌గార్డ్ రైఫిళ్లే. నాకు అర్థమైనంతవరకు దీనికి కారణం ఏకఖండం విఫలం కావడం కాదు. విడి హ్యాండ్‌గార్డును బిగించే పద్ధతులు బాగుపడ్డాయి. బ్యారెల్ నట్టు మీద పొడవైన పట్టు, తిరగకుండా ఆపే పళ్లు, అడ్డంగా బిగిసే గట్టి స్క్రూలు వచ్చాక రెండింటి మధ్య తేడా బాగా తగ్గింది. 2005లో ఎంపిక చేయమంటే నేను ఏకఖండం వైపు ఇంకా గట్టిగా నిలబడేవాణ్ని.

ఎవరు ఏది తీసుకోవాలి

రాత్రి దాడులే ప్రధానమైన చిన్న దళం, ప్రతి రైఫిల్ మీదా లేజర్, దగ్గర్లోనే సమర్థమైన ఆయుధశాల ఉంటే ఏకఖండం తీసుకోండి. బరువు కాస్త పెరిగినా లేజర్ మీద నమ్మకం ఆ బరువుకు తగిన ప్రతిఫలం. అయితే రైలు పొడవును అవసరానికి మించి పెంచకండి.

7.62 మి.మీ. షార్ప్‌షూటర్ రైఫిల్‌కూ నేను ఏకఖండాన్నే సూచిస్తాను. బైపాడ్ (రెండు కాళ్ల ఆసరా) మీద ముందుకు వాలి కాల్చేటప్పుడు హ్యాండ్‌గార్డ్ మీద పడే భారం ఎక్కువ, పొడవైన స్కోపును, దాని ముందు నైట్ విజన్‌ను వరుసగా అమర్చుకోవాలి. ఈ పాత్రలో వేలకొద్దీ రైఫిళ్లు ఉండవు కాబట్టి ఖర్చూ భరించగలిగేదే.

సాధారణ పదాతి దళానికి విడి హ్యాండ్‌గార్డ్. లేజర్లు అందరికీ ఇవ్వబోతున్నారన్నా సరే, మంచి బిగింపు ఉన్న విడి హ్యాండ్‌గార్డే. దెబ్బతిన్న భాగాన్ని ఒక్కదాన్ని మార్చుకోగల సౌలభ్యం ఆ స్థాయిలో చాలా డబ్బు ఆదా చేస్తుంది, రైఫిళ్లను సైనికుల చేతుల్లో ఉంచుతుంది. ఒక్క క్రమశిక్షణ మాత్రం కావాలి. హ్యాండ్‌గార్డ్ స్క్రూ తల మీదినుంచి పక్కనున్న లోహం మీదికి రంగుతో సన్నని గీత గీయాలి. స్క్రూ కొంచెం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. రాత్రి బయలుదేరే ముందు ఆ గీతను చూసుకోవడానికి క్షణం చాలు.

సంతకం పెట్టే ముందు తయారీదారు ఇచ్చే పత్రాలతో సరిపెట్టుకోకుండా మీరే పరీక్షలు చేయించండి. రిసీవర్‌ను కదలకుండా బిగించి, బ్యారెల్ దిశను చూపే పరికరాన్ని మూతిలో అమర్చి, హ్యాండ్‌గార్డ్ కొసన లేజర్ పెట్టండి. కొసకు పది కిలోల బరువు వేలాడదీసి, కిందికీ పక్కలకూ చుక్క ఎంత జరిగిందో కొలవండి. బరువు తీశాక చుక్క మొదటి చోటికే వచ్చిందా అన్నది జరిగిన దూరం కన్నా ముఖ్యం. ఆ తర్వాత రైఫిల్‌ను హ్యాండ్‌గార్డ్ మీద పడేలా గట్టి నేల మీదికి వదిలి మళ్లీ కొలవండి. వరుసగా కొన్ని మ్యాగజైన్లు కాల్చి, వేడిగా ఉన్నప్పుడే మళ్లీ కొలవండి. బ్యారెల్ మార్చగలిగే రైఫిల్ అయితే దాన్ని తీసి, చెప్పిన టార్క్‌కు బిగించి, ప్రతిసారీ అయిదేసి తూటాలు కాల్చండి. ఆ గుంపుల మధ్య దూరం ఒక్కో గుంపు వెడల్పు కన్నా ఎక్కువగా ఉంటే ఆ వసతికి డబ్బు పెట్టకండి. ఈ పరీక్షల్లో విడి హ్యాండ్‌గార్డ్ రైఫిల్ ఏకఖండానికి దగ్గరగా వస్తే, తేలికైనదాన్నీ సులువుగా బాగుచేసుకోగలిగినదాన్నీ తీసుకోండి.